ఎండవైపు గీత

తొమ్మిదో భాగం

మైదుకూరు బజారులోని స్టీలు సామాన్ల అంగడిలో, గల్లాపెట్టె పక్కన, హిమబిందును లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఈ వారమే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్లు ఈలోపు కాఫీ తాగి రావచ్చు.

బిందు కడపలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఈ వేసవిలో కడపలో అమ్మాయిల ఫుట్‌బాల్ లీగ్ మొదలైతే, దాని మీద సరదాకు ఒక ఫాంటసీ ఆట తయారుచేసింది. మైదానంలో ఆడేది నాలుగు జట్లు, అరవై మంది అమ్మాయిలు. ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆ అరవై మందిలో తమకు నచ్చిన ఏడుగురిని ఏరుకుని సొంతంగా ఒక జట్టు కట్టుకోవాలి. ఆ ఏడుగురూ మైదానంలో ఎంత బాగా ఆడితే వీళ్లకు అన్ని పాయింట్లు. పందెం లేదు, పైసా లేదు. గెలిచినవారి పేరు వారం రోజులు అంగడి బోర్డు మీద ఉంటుంది, అంతే. ఆ మాత్రానికే మైదుకూరు నుంచి కడప దాకా మూడొందల మంది ఎగబడ్డారు. బంతిని ఎప్పుడూ కాలితో తన్నని పెద్దమనుషులు కూడా బస్టాండులో నిలబడి డిఫెండర్ల గురించి వాదించుకున్నారు.

ఎవరిని ఏరుకోవాలో తెలియక తికమకపడేవాళ్ల కోసం బిందు అరవై మందికీ ర్యాంకులు వేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. లీగు నడుపుతున్న కోచ్ యేసుప్రసాద్ సారు ఆ ర్యాంకులు చూసి ముచ్చటపడ్డాడు. కర్నూలులో కొత్తగా తెరుస్తున్న ఆటల హాస్టల్‌కు పంపాల్సిన పద్దెనిమిది మందిని ఆ జాబితాలోని మొదటి పద్దెనిమిది పేర్ల నుంచే తీసుకుంటానని ప్రకటించేశాడు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు పేర్లు వెళ్లిపోతాయి.

ఇదే ఆ ఆదివారం. ఉదయం పదిన్నర.

అంగడి మెట్లెక్కి ఇద్దరు వచ్చారు. ముందు ఒక అమ్మాయి, పదిహేడేళ్లుంటాయి, మోకాలికి కట్టు. వెనక వాళ్లమ్మ, కొంగు మూటను చేత్తో గట్టిగా పట్టుకుని. గల్లా దగ్గర కూర్చున్న బిందు అవ్వ రాజ్యలక్ష్మమ్మ అలవాటు ప్రకారం మొదలుపెట్టింది.

"రామ్మా, ఏం కావాల? బిందెలా, క్యారియర్లా?"

"సామాన్లు వద్దవ్వా," అంది ఆ అమ్మాయి. "నా నంబరు గురించి అడగాలని వచ్చినా. బిందక్క ఉండాదా?"

రాజ్యలక్ష్మమ్మ యాభై ఏళ్లుగా ఆ గల్లా దగ్గర కూర్చుంది. నంబరు కోసం వచ్చిన బేరాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. మనవరాలి వైపు తిరిగి, "నీ బేరమేనమ్మే, చూసుకో," అంది.

ఆ అమ్మాయి పేరు శివజ్యోతి. బిందు జాబితాలో యాభై నాలుగో నంబరు. పేరు వినగానే బిందుకు అంకె గుర్తొచ్చింది, మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. చెప్పుకోవాల్సిన విషయమే ఇది. అరవై మందికి ర్యాంకులు వేసిన మనిషి మైదానానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆట జరిగేటప్పుడు ఇద్దరు కాలేజీ స్నేహితురాళ్లు కూర్చుని ఎవరు ఏం చేశారో కాగితం మీద రాసేవాళ్లు. ఆ కాగితాలు బిందుకు ఫోన్‌లో వచ్చేవి.

"కూచో జ్యోతీ," అంది బిందు, స్టూలు జరుపుతూ. కొంచెం బెరుగ్గానే ఉంది. నిన్నటి నుంచి ఫోన్లో తిట్లు తింటూనే ఉంది మరి. "నీ ర్యాంకు మీద కోపంతో వచ్చినావా?"

"కోపం కాదక్కా. తెలుసుకుందామని. యాభై నాలుగు అంటే ఎట్ల వచ్చిందా అని." జ్యోతి గొంతులో నిజంగానే కోపం లేదు. "నేను బాగా ఆడకపోతే బాగా ఆడలేదని తెలియాల కదా. యాడ తప్పు చేస్తాండానో తెలిస్తే దిద్దుకుంటా. ఈ సీటొస్తే మూడేండ్లు డిగ్రీ, తిండి, ఆట అన్నీ వాళ్లే చూస్తారంట. రాకపోతే చదువు చాలిచ్చి అమ్మతో సుగ్గికి పోయేదే."

పని వెతుక్కుంటూ ఊళ్లు పట్టి పోవడాన్ని వాళ్ల వైపు సుగ్గి అంటారు. వాళ్లది కర్నూలు పడమటి పల్లె. తల్లి భీమక్క మూడు నెలలుగా మైదుకూరులోనే ఒక పసుపు కొట్టంలో కొమ్ములు ఏరే పని చేస్తోంది. ఆమె వేళ్లు గోళ్లతో సహా పచ్చగా ఉన్నాయి. జ్యోతి కడపలో హాస్టల్లో ఉండి ఆడుతోంది.

బిందు లాప్‌టాప్ తిప్పి చూపించింది. ఎవరి దగ్గరి నుంచైనా బంతి లాక్కుంటే ఇన్ని పాయింట్లు, సరిగ్గా అందిస్తే ఇన్ని, పోగొట్టుకుంటే ఇన్ని కోత. ఏడు ఆటలు కలిపి సరాసరి. జ్యోతి డిఫెండరు కాబట్టి ఆమెకు ముఖ్యమైనది బంతి లాక్కోవడం. పోయిన ఆదివారం ఆటలో జ్యోతి బంతి లాక్కున్నది ఆరుసార్లు.

"ఆరా?" అంది భీమక్క.

కొంగు మూట విప్పి బల్ల మీద పెట్టింది. అందులో పసుపు కొమ్ములు. చిన్నవీ పెద్దవీ కలిసి గుప్పెడు పైనే ఉన్నాయి.

"లెక్కబెట్టు అమ్మణ్ణీ. ఇరవై మూడు ఉండాయి."

బిందుకు అర్థం కాలేదు. భీమక్కే చెప్పింది. "కొట్టంలో గంప నిండినప్పుడల్లా ఒక కొమ్ము పక్కన పెట్టుకుంటాము. సాయంత్రం మేస్త్రీ పది గంపలే అంటే, నా కొమ్ములు పన్నెండు ఉండాయి జూడప్పా అంటా. అట్లనే పోయిన ఐతారము ఆటకు పోయినా. నాకు ఆట తెల్దు. నా బిడ్డ ఎదురు పిల్ల కాళ్లకాడ నుంచి బంతి తీసుకున్నప్పుడల్లా ఒక కొమ్ము మూటలో వేసినా. ఇరవై మూడు."

తల్లి లెక్క కదా, నాలుగైదు ఎక్కువ వేసుకుని ఉంటుందిలే అని బిందు మొదట లోపల నవ్వుకుంది. ఆ మాట అనబోయి ఆగింది. నాలుగైదు ఎక్కువంటే పదో పదకొండో కావాలి. ప్రేమ ఎంత పెద్దదైనా ఆరును ఇరవై మూడు చేయడం కష్టం. ఇక ఆమెకు దురద పట్టుకుంది. లెక్క కుదరకపోతే నిద్రపట్టని మనుషులు కొందరుంటారు, బిందు ఆ కోవకు చెందినదే.

"మీరు యాడ కూచున్నారు ఆ రోజు?"

"యాడ కూచుంటా, నా బిడ్డ ఉండే పక్కనే. ఎండలో."

"ఎండలో ఎందుకు? గ్యాలరీ కింద నీడ ఉంటాది కదా?"

"నీడ ఈ పక్క ఉంటాది. నా బిడ్డ ఆ పక్క ఉంటాది."

బిందు ఫోన్ తీసి, ఆట రాసే స్నేహితురాలికి చేసింది. "మేయ్, మీరిద్దరూ యాడ కూచుని రాస్తారు?" అటునుంచి వచ్చిన జవాబు మనమూ ఊహించగలం. ఏప్రిల్ నెల, కడప, సాయంత్రం నాలుగు గంటలు. బుద్ధున్నవాళ్లు ఎవరైనా నీడలోనే కూర్చుంటారు. మైదానానికి పడమటివైపు గ్యాలరీ ఉంది. నాలుగు గంటలకు దాని నీడ పక్కనున్న గీత మీద పడుతుంది. కుర్చీలు అక్కడే. అవతలి గీత అరవై మీటర్ల దూరంలో ఎండలో మండుతుంటుంది. మధ్యలో ఎర్రమట్టి దుమ్ము.

"అవతలి పక్క ఎవరు ఏం చేసినారో కనపడేదా మీకు?"

"రొంత కష్టమేనే. గుర్తుపట్టకపోతే పేరు బదులు ప్రశ్న గుర్తు పెడతాండాము కదా. నీకు తెలుసు కదా?"

బిందుకు తెలుసు. పేరు లేని ఆ వరుసలు ఎవరికీ చెందనివి కదా అని, మొదటి రోజే వాటన్నిటినీ తీసేసింది. డేటాను శుభ్రం చేశానని రికార్డులో గర్వంగా రాసుకుంది కూడా.

తీసేసిన వరుసలు పాత ఫైలులో ఇంకా ఉన్నాయి. తెరిచింది. మొత్తం రెండొందల పద్నాలుగు. వాటిలో నూట తొంభై ఒకటి అవతలి గీత మీద జరిగినవే.

"అయ్యో," అంది బిందు, పైకే. తాను శుభ్రం చేసింది చెత్తను కాదు, ఎండలో ఆడిన పిల్లల ఆటను.

కానీ ఇంకో ముడి మిగిలింది. "ఒక్క నిమిషం జ్యోతీ. సగం ఆట అయినాక జట్లు వైపులు మారతాయి కదా. మొదటి సగంలో నువ్వు ఎండవైపు ఉంటే, రెండో సగంలో నీడవైపు రావాల. అప్పుడు నీ పేరు సరిగ్గానే రాసుండాల కదా?"

జ్యోతి విచిత్రంగా చూసింది, ఇంత చదువుకున్న అక్కకు ఇది తెలియదా అన్నట్టు. "రాము అక్కా. నీడ పక్క సీనియర్లు ఉంటారు కదా."

"అంటే?"

"సగం అయినాక మేము చోట్లు మార్చుకుంటాము. ఎడమ పక్క ఉన్నోళ్లు కుడికి, కుడి పక్కోళ్లు ఎడమకు. సీనియర్లు ఎప్పుడూ నీడ గీత మీదనే. కొత్తోళ్లము ఎప్పుడూ ఎండ గీత మీదనే. నాలుగు జట్లలోనూ అంతే. ఎవురూ చెప్పరు, అట్ల నడుస్తాది."

బిందు మళ్లీ తెర వైపు తిరిగింది. ఏడు ఆటలు, అరవై మంది, వేల అంకెలు. ఇన్ని రాత్రులు కూర్చుని తాను కొలిచింది ఎవరు బాగా ఆడుతున్నారో కాదు, ఎవరు నీడలో నిలబడుతున్నారో. కోపం రావాలి, వచ్చింది కూడా. దాని కింద ఒక రకమైన ఉత్సాహం కూడా ఉంది, ఆ మాట దాచడం దేనికి. లెక్క ఎందుకు తప్పిందో దొరికిన క్షణంలో ఉండే ఆనందం అలాంటిది.

"ఏంది, అంగడి తెరిచి లెక్కల బడి పెట్టినావా?" అని గల్లా దగ్గర నుంచి అవ్వ కేకేసింది. బేరానికి వచ్చిన ఇద్దరు మనుషులు పాల క్యాన్లు చేతిలో పట్టుకుని ధర అడగడం మరిచిపోయి వింటున్నారు.

ప్రశ్న గుర్తులున్న ప్రతి వరుసకూ ఆ సమయంలో ఆ చోట ఎవరు ఆడుతున్నారో జ్యోతి గుర్తుచేసుకుని చెప్పింది; తాను ఆడని ఆటలను కూడా ఆమె మైదానం పక్కనే ఉండి చూసింది. తనవి కానివి కూడా నిజాయితీగా వేరేవాళ్లకు ఇచ్చేసింది. పన్నెండున్నరకు కొత్త జాబితా తయారైంది. యాభై నాలుగో నంబరు పదకొండుకు వచ్చి నిలిచింది. మొదటి పద్దెనిమిదిలోకి కొత్తగా వచ్చింది ఆ ఒక్క పేరే.

జ్యోతి, భీమక్కలతో కలిసి ఎక్కిన కడప బస్సులో బిందుకు కాళ్లు నిలవలేదు.

మూడున్నరకు మైదానంలో యేసుప్రసాద్ సారు ఈలను మెడలో వేలాడేసుకుని, సున్నం గీతలు సరిచేయిస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు ఇదే మైదానంలో ఆడినవాడు. బిందు చెప్పిందంతా విన్నాడు.

"లెక్క నీదే, లిస్టు నీదే. తప్పని చెప్పేదీ నువ్వేనా?" అన్నాడు చివరికి.

"తప్పు నాదే సార్. అందుకే నేనే చెప్తాండా."

"ఈ సీట్లు వచ్చినాయని తెలిసినప్పటి నుంచి నా ఫోను మోగుతానే ఉండాదమ్మా. మా పాపను పెట్టు, మా అన్న కూతురును పెట్టు అని. లెక్క ప్రకారం పోతాండానప్పా అని చెప్పి తప్పించుకున్న్యా. నువ్వొచ్చి ఆ లెక్కనే తీసేస్తాండావు." కాసేపు దూరంగా ఎండ గీత వైపు చూశాడు. "కొత్తోళ్లు ఎండలో ఆడాలనేది నేను పెట్టింది కాదు. మా సారు మమ్మల్నీ ఆడనే నిలబెట్టినాడు. సరే, నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. ఒకటి అడుగుతా, చెప్పు. ఎండ గీత మీద జ్యోతికి ఎదురుగా ఉండేది ఎవురు?"

బిందు చేతిలోని కొత్త జాబితా తిప్పి చూసింది.

"అవతలి జట్టు కొత్త పిల్లలే కదా," అన్నాడు సారు. "కొత్త పిల్లల కాళ్లకాడ ఇరవై మూడుసార్లు బంతి తీసుకుంటే, అది సీనియర్ల కాడ ఎన్నిసార్లతో సమానం? ఆ లెక్క నీ కాడ ఉండాదా?"

లేదు. ఏడు ఆటల్లో జ్యోతి ఒక్క సీనియర్ ఎదుట కూడా ఆడలేదు. లేని దాన్ని ఏ లెక్కా చెప్పలేదు. తనకు తట్టని ప్రశ్న ఒక ఈల వేసే మనిషికి తట్టినందుకు బిందుకు ఆయన మీద గౌరవం పుట్టింది. ఆ గౌరవంతోపాటు గుండెలో దిగులూ పడింది, ఎందుకంటే పక్కన జ్యోతి నిలబడి వింటోంది.

"నేను పోతా సార్, ఆ పక్కకు."

అన్నది నాగలత. నీడలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ అంతా విన్నది. ఆమే జాబితాలో ఒకటో నంబరు. రెండు జాబితాల్లోనూ ఒకటో నంబరే, కాకపోతే ఏడు ఆటలూ నీడ గీత మీదే ఆడింది.

"నువ్వా?" అన్నాడు సారు.

"నాది నీడ నంబరని రేపు ఎవురూ అనగూడదు సార్. నేను ఎండలో ఆడతా. ఆ పిల్ల నన్ను ఆపితే ఆపినట్టు."

సారు గడియారం చూసుకున్నాడు. "అయితే వినండి. నాగలత ఐదుసార్లు బంతి తీసుకుని జ్యోతి మీదికి పోతాది. మూడుసార్లు ఆపితే జ్యోతి పేరు రాస్తా. ఆమె పేరు వస్తే పద్దెనిమిదో పిల్ల పేరు పోతాది, అదీ గుర్తుపెట్టుకోండి. ఆపలేకపోతే పాత లిస్టే పోతాది."

"ఐదుసార్లతో ఏం తెలుస్తాది సార్?" బిందు ఉండబట్టలేక అంది. "కనీసం యాభైసార్లు చూడాల."

"ఈ ఎండలో యాభైసార్లు యాడ ఉరుకుతారమ్మా? నువ్వు పోయి ఆ గీత పక్కన కూచుని రాయి. నేను ఈడ నుంచి చూస్తా. నీ కాగితంలో ఉండేదే చివరి మాట."

బిందు ప్లాస్టిక్ కుర్చీ నెత్తి మీద పెట్టుకుని మైదానం దాటింది. అవతలి గీత పక్కన భీమక్క ముందే కూర్చుని ఉంది, కొంగు తల మీదికి లాక్కుని. కుర్చీలో కూర్చోగానే బిందుకు వీపు కాలింది. చుట్టూ నీడనేదే లేదు. ఇక్కడ తొంభై నిమిషాలు పరుగెత్తుతారా అనుకుంది. పది నిమిషాలు కూర్చోవడమే కష్టంగా ఉంది. కానీ ఇక్కడి నుంచి ఆట ఎంత దగ్గరగా కనపడుతోందంటే, ఆ పిల్లల ఊపిరి కూడా వినిపిస్తోంది.

ఈల మోగింది.

మొదటిసారి నాగలత ఎడమకు వంగినట్టు వంగి కుడికి వెళ్లిపోయింది. జ్యోతి వెనక్కి తిరిగేలోపు బంతి దాటిపోయింది. రెండోసారి జ్యోతి తొందరపడలేదు. నిలబడి, బంతి నాగలత కాలికి ఒక అర అడుగు దూరమయ్యేదాకా చూసి, అప్పుడు కాలు పెట్టి తీసుకుంది. శుభ్రంగా. మూడోసారి నాగలతే గెలిచింది, ఒట్టి వేగంతో. నాలుగోసారి ఇద్దరూ భుజం భుజం కలిపి గీత దాకా పరుగెత్తారు, చివర్లో బంతి జ్యోతి దగ్గర మిగిలింది.

రెండు, రెండు. బిందు చెమటకు కాగితం తడిసింది. తాను ఎవరి పక్షమో ఆమెకు బాగా తెలుసు. అది తెలియడం ఆమెకు నచ్చలేదు.

ఐదోసారి నాగలత సరాసరి గీత పక్కకే తెచ్చింది, బిందు కుర్చీకి ఎదురుగా. జ్యోతి నేల మీద జారుతూ కాలు చాచింది. దుమ్ము లేచింది. నాగలత పడిపోయింది, బంతి గీత దాటి బిందు కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది.

"మూడు!" అవతలి నుంచి సారు చెయ్యెత్తి అరిచాడు. నీడలో ఉన్న అమ్మాయిలంతా చప్పట్లు కొట్టారు. భీమక్క లేచి నిలబడింది.

బిందు కదల్లేదు. ఆమెకూ ఆ ఇద్దరికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. జ్యోతి బూటు ముందు తగిలింది నాగలత మడమకు. బంతికి తగిలింది ఆ తర్వాతే. అది ఆపడం కాదు, ఫౌల్. అవతల ఉన్న సారుకు నాగలత అడ్డు రావడంతో అది కనపడలేదు. ఇటువైపు చూసినవాళ్లలో భీమక్కకు ఆట నియమాలు తెలియవు.

నాగలత మోచేతి మట్టి దులుపుకుంటూ లేచింది. బిందు వైపు చూసి ఊరుకుంది. జ్యోతి ఇంకా నేల మీదే ఉంది. తలెత్తి ఆమె కూడా బిందు వైపే చూసింది. జరిగింది ఆమెకు తెలుసని ఆ ముఖం చూస్తే తెలిసిపోతోంది.

"ఏమ్మా బిందూ, నువ్వు దగ్గరుండి చూసినావు," సారు మైదానం మధ్యలోకి నడిచి వస్తూ అడిగాడు. "మూడు అయినట్టేనా?"

కాగితం మీద జ్యోతి పేరు పక్కన రెండు గీతలు ఉన్నాయి. బిందు పెన్ను ఆనించి అలాగే కూర్చుంది.

"రాయి అమ్మణ్ణీ," అంది భీమక్క, ఆమె భుజం మీద పచ్చని చెయ్యి వేసి. "యాల ఆగినావు? రాయి."